ఆర్కిడ్‌కు ముందు గాలి, తర్వాతే నీరు

నా మొదటి ఆర్కిడ్ నీళ్లు లేక చనిపోలేదు, నేను పోసిన నీళ్లకే చనిపోయింది. విచ్చిన తెల్లని పూలతో ఇంటికి వచ్చిన, ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ అది. మిగతా కుండీలతో పాటే రోజూ పొద్దున్నే దానికీ ఒక గ్లాసుడు నీళ్లు పోసేదాన్ని. రెండో నెలలో ఆకులు వాడి, తోలులా ముడతలు పడ్డాయి. దాహమేమో అనుకుని ఇంకో గ్లాసు పోశాను. చివరికి కుండీలోంచి తీసి చూస్తే వేర్లన్నీ గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉన్నాయి. ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతొడుగు మొత్తం జారి చేతిలోకి వచ్చేసింది. లోపల సన్నని దారం లాంటి నరం ఒక్కటే మిగిలింది.

కుళ్లిన వేరు నీటిని పీల్చుకోలేదు. అందుకే వేర్లు పోయిన మొక్క నీళ్లలో నిలబడే ఎండిపోతుంది. ఆకు ముడత పడటం దాహానికీ గుర్తే, మితిమీరిన నీటికీ గుర్తే. ఆకును చూసి తేల్చుకోలేం, వేరును చూడాలి. ఇంట్లో పెంచే ఆర్కిడ్ అయినా, మాన్‌స్టెరా, మనీ ప్లాంట్ లాంటి ఉష్ణమండలపు మొక్క అయినా చాలాసార్లు పోయేది వేరుకు గాలి ఆడకే. మీరు నా దారిలో వెళ్లకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ వేరును అర్థం చేసుకోండి

ప్రపంచంలో దాదాపు 28,000 ఆర్కిడ్ జాతులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నేలలో కాదు, చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. తెలుగులో ఇలాంటి వాటికి బదనిక అనే మాట ఉంది. చెట్టు రసం పీల్చి బతికే మొక్కనూ బదనిక అంటారు, కొమ్మను కరుచుకుని బతికే వాండా ఆర్కిడ్‌నూ బదనిక అనే అంటారు. వాండా అన్న శాస్త్రీయ నామం కూడా సంస్కృతంలోని ‘వందా’ నుంచి వెళ్లిందే. పేరు కలిసినా తీరు వేరు. ఆర్కిడ్ చెట్టు నుంచి చుక్క రసం తీసుకోదు. పట్టుకోవడానికి ఒక కొమ్మ, వాన కురిసినప్పుడు బెరడు మీదుగా జారే నీరు, ఆ నీటిలో కరిగి వచ్చే కాస్త ఆకు చెత్త సారం, వాన వెలిశాక తడి ఆర్చే గాలి ఉంటే దానికి చాలు.

ఆ బతుకుకు తగ్గట్టుగానే వేరు తయారైంది. పైన కనిపించే తెల్లని పొర చనిపోయిన కణాలతో ఏర్పడిన స్పాంజి. దాన్ని వెలమెన్ అంటారు. నీరు తగలగానే క్షణాల్లో పీల్చి పట్టుకుంటుంది. ఎండినప్పుడు ఆ కణాల నిండా గాలి ఉంటుంది కాబట్టి వేరు వెండి రంగులో మెరుస్తుంది. తడిస్తే ఆ పొర పారదర్శకమై లోపలి ఆకుపచ్చ బయటపడుతుంది. ఫెలనాప్సిస్ వేరులో ఆకులో ఉన్నట్టే పత్రహరితం ఉంటుంది. ఒక్కసారి వెండి రంగు వేరు మీద చెమ్చాతో నీళ్లు జారవిడిచి చూడండి. తడి పాకిన మేర రంగు మారుతూ వస్తుంది. ఎప్పుడు నీళ్లు పోయాలో చెప్పే పరికరం ఇంతకంటే మంచిది ఎక్కడా దొరకదు.

ఇలాంటి వేరును తోటమట్టిలో పూడిస్తే కొద్ది వారాల్లో కుళ్లుతుంది. చెట్ల మీద పెరిగే ఆర్కిడ్‌ను ఎప్పుడూ మట్టిలో పెట్టకండి.

మీ దగ్గరున్నది ఏ ఆర్కిడ్?

పేరు తెలియకపోతే ఆకృతి చూడండి. దుంపలు గానీ కాడలు గానీ లేకుండా, వెడల్పాటి దళసరి ఆకులు అటొకటి ఇటొకటిగా ఒకే కాండం నుంచి వస్తూ ఉంటే అది ఫెలనాప్సిస్. దానికి నీటి నిల్వ ఉండేది ఆకుల్లోనూ వేర్లలోనూ మాత్రమే, అందువల్ల పూర్తిగా ఎండిపోయే దాకా వదలకూడదు. చెరకు గడల్లా నిలువుగా కణుపులతో కాడలు ఉంటే డెండ్రోబియం. నిలువు దుంపల మీద ఒకటి రెండు మందపాటి ఆకులుంటే క్యాట్లియా. బల్లపరుపు కోడిగుడ్డు లాంటి దుంపలు, చిన్న చిన్న పసుపు పూల గుత్తులు ఉంటే ఆన్సిడియం కావచ్చు. ఈ మూడూ దుంపల్లో గానీ కాడల్లో గానీ నీరు దాచుకుంటాయి కాబట్టి రెండు నీటి తడుల మధ్య బాగా ఆరనివ్వాలి. వేర్లు గాలిలో వేలాడుతూ బుట్టలో అమ్మేది వాండా. దానికి ఎండ ఎక్కువ కావాలి, దాదాపు రోజూ నీళ్లు కావాలి. చెప్పు ముందుభాగంలా సంచి ఉన్న పువ్వయితే పాఫియోపెడిలం. అది ఎక్కువగా అడవి నేల మీది ఆకు చెత్తలో పెరిగేది, కాస్త నిలకడైన తడి దానికి నచ్చుతుంది.

మొదటిసారి పెంచేవారు ఫెలనాప్సిస్‌తోనే మొదలుపెట్టండి. మనుషులకు హాయిగా ఉండే వేడిమే దానికీ హాయి. పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి. పిల్లులకూ కుక్కలకూ విషం కాదు. వాండాను మాత్రం, రోజూ తడపగలిగే తీరిక ఉంటేనే తెచ్చుకోండి.

చోటు ఎంచుకోవడం

మన కళ్లు వెలుతురు విషయంలో మోసపోతాయి. గదిలో వెలుతురుగానే ఉందనిపిస్తుంది గానీ, కిటికీ నుంచి రెండు మీటర్లు లోపలికి జరిగితే మొక్కకు అందే వెలుతురు చాలా పడిపోతుంది. అందుకే ఒక చిన్న పరీక్ష చేయండి. మధ్యాహ్నం మొక్క పెట్టదలచిన చోట తెల్ల కాగితం పరిచి, దానికి జానెడు పైన అరచేయి ఉంచండి. నీడ అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా పడితే అది వాండాకు, క్యాట్లియాకు తగిన చోటు. అంచులు మసకగా ఉండి చేతి ఆకారం తెలుస్తుంటే ఫెలనాప్సిస్‌కు, మాన్‌స్టెరాకు, ఆంథూరియంకు సరిపోతుంది. నీడ ఆకారమే తెలియకపోతే అక్కడ పూల మొక్క పెట్టడం దండగ.

తూర్పు కిటికీ ఎక్కడైనా నమ్మకమైన చోటు. పొద్దుటి నీరెండ ఆకును కాల్చదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే కిటికీ అయితే పల్చని తెర వేయండి. తరువాతి రోజుల్లో ఆకు రంగే మీకు తీర్పు చెబుతుంది. ఫెలనాప్సిస్ ఆకు లేత గడ్డి రంగులో ఉంటే వెలుతురు సరిగ్గా ఉంది. ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, వేలాడుతూ ఉంటే చాలడం లేదు. చాలామంది ఆ ముదురు రంగు చూసి మొక్క ఆరోగ్యంగా ఉందని సంతోషిస్తారు, అది ఆకలి రంగు. ఆకు అంచున ఎర్రజీర కనిపిస్తే వెలుతురు హద్దు మీద ఉందని అర్థం. ఎండ పడే వేళ ఆకును తాకి చూడండి. చేతికి వేడిగా తగిలితే వెంటనే జరపండి, తెల్లగా కాలిన మచ్చ మళ్లీ పచ్చబడదు.

కిటికీ లేని గదిలో తెల్లని ఎల్‌ఈడీ దీపం మొక్కకు జానెడు మూరెడు దూరంలో రోజుకు 12 గంటలు వెలిగితే పని జరుగుతుంది. రాత్రంతా వెలగనివ్వకండి, మొక్కకు చీకటి కూడా కావాలి. ఫెలనాప్సిస్ తన ఆకు రంధ్రాలను తెరిచి గాలి పీల్చుకునేది చీకటి పడ్డాకే.

నీళ్లు పోసే పద్ధతి

‘వారానికి ఎన్నిసార్లు?’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. అదే మొక్క వేసవిలో నాలుగు రోజులకే అడుగుతుంది, చలికాలంలో పన్నెండు రోజులైనా అడగదు. కుండీ చిన్నదా పెద్దదా, లోపల బెరడు ఉందా నాచు ఉందా, గదిలో గాలి ఆడుతుందా అన్నదాన్ని బట్టి మారుతుంది. కాబట్టి క్యాలెండరు చూడకండి, మొక్కనే చూడండి.

మొదట, పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయితే గోడకు ఆనుకున్న వేర్లు చూడండి. పచ్చగా ఉంటే, కుండీ లోపలి గోడకు నీటి బిందువులు పట్టి ఉంటే పోయకండి. చాలా వేర్లు వెండి రంగుకు మారితే పోయండి. కుండీ మట్టిది అయితే ఎండు పుల్ల ఒకటి మధ్యలోకి దింపి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల తడిగా, ముదురు రంగులో వస్తే ఇంకా ఆగాలి. కొన్ని వారాల తర్వాత కుండీని ఎత్తగానే బరువును బట్టి చేతికే తెలిసిపోతుంది.

పోసేటప్పుడు గుక్కెడు గుక్కెడు పోయవద్దు. కుండీని కుళాయి కింద పెట్టి అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేదాకా నిమిషం పాటు పోయండి, లేదా బక్కెట్టులో పది పదిహేను నిమిషాలు నాననివ్వండి. ఇలా చేస్తే లోపల పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది, పాత గాలి పోయి నీళ్లు దిగుతున్న కొద్దీ కొత్త గాలి లోపలికి వస్తుంది. తర్వాత నీరంతా పూర్తిగా కారిపోనివ్వండి. అందం కోసం వాడే బయటి కుండీలో అడుగున నీళ్లు నిలిచాయేమో అరగంట తర్వాత మళ్లీ చూడండి. ఆ నిలిచిన రెండంగుళాల నీళ్లే ఎన్నో మొక్కల ప్రాణం తీశాయి.

నీళ్లు పోయడానికి ఉదయమే మంచి వేళ. ఫెలనాప్సిస్ ఆకులు కలిసే నడిబొడ్డు గుంటలో నీరు నిలిస్తే కాగితంతో గానీ దూదితో గానీ అద్ది తీసేయండి. ఆ గుంటలోనే కొత్త ఆకు పుట్టే మొలక ఉంటుంది. అది కుళ్లితే ఫెలనాప్సిస్ ఇక పైకి పెరగలేదు, ఎందుకంటే దానికి ఎదుగుదల అంతా ఆ ఒక్క చోటి నుంచే.

వాన నీరు దొరికితే అంతకంటే మంచిది లేదు. కుళాయి నీరు మరీ ఉప్పగా ఉండి కుండీ అంచున తెల్లని పొర కడుతుంటే వడపోసిన నీరు కలుపుకోండి. చల్లని నీరు కాదు, గది వేడిమిలో ఉన్న నీరు వాడండి.

కుండీ మార్చడం

అందరూ భయపడే పని ఇదే. నిదానంగా చేస్తే మొక్కకు పునర్జన్మ ఇచ్చేదీ ఇదే. ఏడాదిన్నర, రెండేళ్లు గడిచేసరికి కుండీలోని బెరడు చివికి పొడి అవుతుంది, ఖాళీలు మూసుకుపోయి లోపల గాలి ఆడదు. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నలపండి. మెత్తగా నలిగితే, పుల్లని వాసన వస్తే మార్చే వేళ వచ్చింది. పూలు రాలిపోయి, కొత్త వేర్ల చివర్లు పచ్చగా కనిపించే సమయం అనువైనది. పూలతో ఉన్న మొక్కను కదిలించకండి. వేర్లు కుళ్లుతున్నాయని తెలిస్తే మాత్రం పూలున్నా ఆగవద్దు.

ముందు రోజే కొత్త మిశ్రమం సిద్ధం చేసుకోండి. సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల పైన్ బెరడు ముక్కలు ఐదు వంతులు, కట్టెబొగ్గు ముక్కలు ఒక వంతు, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) ఒక వంతు చాలు. బెరడు దొరకకపోతే కొబ్బరి డొక్క ముక్కలు వాడవచ్చు. వాటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తూ నానబెట్టి కడగాలి. గాలి మరీ పొడిగా ఉండే ఇంట్లో గుప్పెడు స్ఫాగ్నమ్ నాచు కలపండి, తేమగా ఉండే ఇంట్లో అది అక్కరలేదు. మిశ్రమాన్ని రాత్రంతా నానబెట్టండి. ఎండు బెరడు నీటిని పట్టుకోదు.

ఇక మొక్క దగ్గరికి రండి. మొదట కుండీతో సహా ఇరవై నిమిషాలు నీటిలో ఉంచండి. ఎండిన వేరు పుల్లలా విరుగుతుంది, తడిసిన వేరు వంగుతుంది. ప్లాస్టిక్ కుండీని అటూ ఇటూ నొక్కి, మొక్క మొదలు పట్టుకుని మెల్లగా బయటికి తీయండి. మట్టి కుండీకి వేర్లు అంటుకుపోయి ఉంటే పీకకండి. కుండీని పగలగొట్టి, పెంకు అంటుకున్న వేరును పెంకుతో సహా కొత్త కుండీలో పెట్టేయవచ్చు.

పాత మిశ్రమమంతా దులపండి. కొత్తగా కొన్న మొక్క అయితే ఇక్కడ ఒక దాగిన ప్రమాదం ఉంటుంది. నర్సరీలో పిల్ల మొక్కగా ఉన్నప్పుడు పెట్టిన నాచు ముద్ద గానీ చిన్న ప్లాస్టిక్ జాలీ బుట్ట గానీ వేర్ల నట్టనడుమ అలాగే ఉండిపోతుంది. పైనున్న బెరడు ఎండినా ఆ ముద్ద రోజుల తరబడి తడిగానే ఉంటుంది. బయట అంతా బాగున్నా మొక్క లోపలి నుంచి కుళ్లడానికి తరచూ ఇదే కారణం. వేళ్లతో విప్పి, చిమటాతో లాగి మొత్తం తీసేయండి. జాలీని కత్తెరతో ముక్కలుగా కత్తిరించి తీయాలి. అరగంట పట్టినా తొందరపడకండి.

అప్పుడు ఒక్కొక్క వేరునూ రెండు వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే అది ఏ రంగులో ఉన్నా బతికే ఉంది. వెలుతురు చూడని వేర్లు పసుపుగా, గోధుమరంగుగా కూడా ఉంటాయి, రంగును చూసి కోసేయకండి. మెత్తగా నీళ్లు కారినా, బోలుగా నొక్కుకుపోయినా కత్తిరించండి. కత్తెరను ముందు మంటలో కాల్చండి. మరో మొక్కను ముట్టుకునే ముందు మళ్లీ అదే పని చేయండి. ఆర్కిడ్‌లకు సోకే మొజాయిక్ వైరస్‌లు కత్తెర ద్వారా సులువుగా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతాయి. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు.

కుండీ పరిమాణం ఆకుల్ని బట్టి కాదు, మిగిలిన వేర్లను బట్టి ఎంచుకోండి. వేర్లు ఇమిడి చుట్టూ వేలెడు చోటు మిగిలితే చాలు. పెద్ద కుండీలో నడుమ భాగం ఆరదు. మొక్కను అట్టడుగు ఆకు మిశ్రమం పైఅంచుకు తాకేలా నిలబెట్టి, చుట్టూ బెరడు పోస్తూ కుండీ పక్కల్ని తట్టండి, ముక్కలు వాటంతట అవే సర్దుకుంటాయి. బొటనవేలితో అదిమితే వేర్లు చిట్లుతాయి. పైకి పెరిగిన గాలి వేర్లను బలవంతంగా లోపలికి తోయవద్దు, అవి బయటే ఉండనివ్వండి. చివరికి మొక్కను మెల్లగా పైకి లేపి చూస్తే ఊగకూడదు. ఊగితే పుల్ల కట్టండి, ఊగే మొక్కకు కొత్త వేరు చివరలు అరిగిపోతాయి.

కోసిన వేర్లు ఎక్కువుంటే గాయాలు ఆరేదాకా మూడు నాలుగు రోజులు నీళ్లు పోయకుండా నీడలో ఉంచండి. ఏమీ కోయకపోతే మర్నాడే పోయవచ్చు.

మళ్లీ పూయించడం

ఆకులు బాగున్నాయి, ఏళ్ల తరబడి పువ్వు మాత్రం లేదు అనే వారికి రెండే కారణాలు చెబుతాను. ఒకటి వెలుతురు చాలకపోవడం, రెండోది రాత్రి చలి తగలకపోవడం. ఫెలనాప్సిస్ పూకాడ వేయాలంటే రాత్రిళ్లు 16 నుంచి 20 డిగ్రీల మధ్య, పగటి కంటే ఐదారు డిగ్రీలు తక్కువగా, మూడు నాలుగు వారాలు ఉండాలి. రాత్రీ పగలూ 28 డిగ్రీలు దాటి ఉండే చోట పూకాడ రావడం కష్టం. చలికాలం మొదట్లో మొక్కను కిటికీ దగ్గరికి జరపడమే చాలాసార్లు సరిపోతుంది.

ఆకుల సందులోంచి ఏదో మొలుస్తుంటే అది వేరా పూకాడా అని సందేహం వస్తుంది. వేరు చివర గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. పూకాడ చివర చిలుక ముక్కులా కాస్త వంగి, ఒక పక్క పొలుసు తేలి కనిపిస్తుంది. అది పూకాడ అని తేలాక కుండీని తిప్పకండి. పూకాడ వెలుతురు వైపే సాగుతుంది, మీరు తిప్పిన కొద్దీ మెలికలు తిరుగుతుంది. అక్కడి నుంచి మొదటి పువ్వు విచ్చడానికి రెండున్నర నెలల నుంచి నాలుగు నెలల దాకా పడుతుంది. మొగ్గలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతే చుట్టూ చూడండి. దగ్గర్లో పళ్లు మగ్గుతున్నాయా? మగ్గే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గల్ని రాల్చేస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలినా అంతే.

పూలన్నీ రాలాక కాడ ఎండితే మొదట్లోకి కోసేయండి. పచ్చగా ఉంటే, మొక్క బలంగా ఉంటే, కింది నుంచి మూడో కణుపుకు పైన వేలెడు వదిలి కత్తిరించండి. ఒక్కోసారి ఆ కణుపు నుంచి ఇంకో పూకొమ్మ వస్తుంది. మొక్కకు నాలుగు ఆకులు కూడా లేకపోతే ఆశపడకుండా మొదట్లోకి కోసి, దాని శక్తిని ఆకులకు వదలండి.

డెండ్రోబియంలో ఆకులు రాలి మోడులా ఉన్న పాత కాడల్ని ఎండిపోయాయని కోసేస్తారు. అవి కొత్త కాడకు ఆహారం పంపే గిడ్డంగులు. ముడతలు పడి పూర్తిగా ఎండితేనే తీయండి. నోబిలే రకం డెండ్రోబియంకు చలికాలంలో ఎరువు ఆపి, నీళ్లు బాగా తగ్గించి, చల్లగా ఉంచితేనే కణుపు కణుపుకూ పూస్తుంది. ఆ సమయంలో జాలిపడి నీళ్లు పోస్తే పూలకు బదులు పిలకలు వస్తాయి. ఫెలనాప్సిస్ పువ్వు పోలిక ఉన్న డెండ్రోబియం రకాలకు ఈ చలి విశ్రాంతి అక్కరలేదు, వాటికి ఏడాది పొడుగునా వెచ్చదనమే కావాలి.

మాన్‌స్టెరా, మనీ ప్లాంట్, మరికొన్ని ఇంటి మొక్కలు

మాన్‌స్టెరా, మనీ ప్లాంట్ చెట్లకు పాకే మొక్కలే, కాబట్టి సూత్రం అదే. తేడా ఏమిటంటే వీటికి కొంత మట్టి పడుతుంది. కోకోపీట్ లేదా వదులైన కుండీ మట్టి రెండు వంతులు, బెరడు ముక్కలు ఒక వంతు, పెర్లైట్ ఒక వంతు, గుప్పెడు వర్మీకంపోస్ట్ కలపండి. మిశ్రమం గుప్పిట్లో నొక్కి వదిలినప్పుడు ముద్దగా ఉండక విడిపోవాలి. వేలిని రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. కుండీ మార్చేటప్పుడు పాతదాని కంటే రెండు మూడు సెంటీమీటర్లు పెద్దది తీసుకోండి, అంతకు మించి వద్దు.

మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు ఉన్న అడవుల మొక్క. లేత వయసులో ఆకుకు చీలికలు ఉండవు. వయసు వచ్చినా చీలడం లేదంటే వెలుతురు తక్కువైందని, పాకడానికి ఆసరా లేదని అర్థం. నాచు చుట్టిన కర్ర ఒకటి పాతి, గాలి వేర్లను దానికి ఆనించండి. మనీ ప్లాంట్‌దీ ఇదే కథ. కిందికి వేలాడదీస్తే ఆకు చిన్నదవుతూ పోతుంది, పైకి పాకిస్తే ప్రతి కొత్త ఆకూ పాతదాని కంటే పెద్దదవుతుంది. ఒకే తీగను రెండుగా కోసి, ఒకటి వేలాడదీసి ఇంకొకటి కర్రకు పాకించి ఏడాది చూడండి, రెండూ ఒకే మొక్క అంటే ఎవరూ నమ్మరు.

పీస్ లిల్లీ దాహమేస్తే ఒక్కసారిగా సోలిపోతుంది, నీళ్లు పోసిన కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. అలా అని ప్రతిసారీ సోలేదాకా ఆగితే ఆకు కొసలు మాడుతాయి. కలాథియాకు కుళాయి నీటిలోని లవణాలు పడవు, ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగితే వాన నీరు పోసి చూడండి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ మాత్రం మూడు వారాలు మరిచిపోయినా ఏమీ అనవు. జెడ్‌జెడ్ మట్టిలో బంగాళాదుంపల్లాంటి దుంపల్లో నీరు దాచుకుంటుంది. వీటిని చంపేది ప్రేమతో పోసే నీళ్లే.

మాన్‌స్టెరా, మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, డిఫెన్‌బేకియా, పీస్ లిల్లీ ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులు ఉంటాయి. కొరికితే నోరు మండి వాచిపోతుంది. పాకే పిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో అందనంత ఎత్తున పెట్టండి.

మొక్కలు గది గాలిని శుద్ధి చేస్తాయన్న మాటను నమ్మి కొనకండి. 1989 నాటి నాసా ప్రయోగం గాలి చొరబడని చిన్న గదుల్లో జరిగింది. మామూలు ఇంట్లో కిటికీ తెరిస్తే జరిగే మేలు అంతకంటే ఎక్కువ. మొక్కను మొక్క కోసమే పెంచండి.

తేమ, ఎరువు

50 నుంచి 70 శాతం తేమ వీటన్నిటికీ హాయి. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే తేమ పెరిగేది కొద్ది నిమిషాలే. మొక్కల్ని దగ్గర దగ్గరగా గుంపుగా పెడితే ఒకదాని ఆవిరి ఇంకొకదానికి ఆసరా అవుతుంది. తేమ ఎక్కువున్న గదిలో గాలి కదలకపోతే ఆకుమచ్చలు వస్తాయి, చిన్న ఫ్యాను ఒకటి గోడ వైపు తిప్పి నెమ్మదిగా తిరగనివ్వండి.

ఎరువు పల్చగా, తరచుగా ఇవ్వాలి. 20-20-20 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న ఎరువు) లీటరు నీటికి అర గ్రాము చొప్పున కలిపి, మొక్క పెరిగే రోజుల్లో వారానికోసారి పోయండి. నెలకోసారి ఎరువు లేని నీటితో బాగా కడగండి. ఎండు వేర్ల మీద ఎరువు పోయకండి, ముందు మంచినీళ్లతో తడపండి. వేర్లు పాడైన మొక్కకు బలం కోసమని ఎరువు పెట్టడం గోరుచుట్టు మీద రోకటి పోటే.

పురుగులు

వారానికోసారి ఆకు కిందిభాగం, ఆకు మొదలు చూడటం అలవాటు చేసుకోండి. దూది పింజల్లా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. గోధుమరంగు పొక్కుల్లా అంటుకుని, గోటితో గీకితే ఊడి వస్తే పొలుసు పురుగు. ఆకు వెనుక సన్నని గూడు, పైన దుమ్ము చల్లినట్టు చుక్కలుంటే ఎర్రనల్లి. సందేహంగా ఉంటే ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి, రాలిన చుక్కలు కదిలితే అవే.

పురుగు పట్టిన మొక్కను మొదట మిగతావాటికి దూరంగా పెట్టండి. పిండినల్లిని, పొలుసు పురుగును 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటిగా తుడవండి. ఫెలనాప్సిస్‌లో అడుగు ఆకు ఎండి మిగిలిన తొడుగు కింద గుంపుగా దాక్కుంటాయి, ఆ తొడుగును చీల్చి తీసేయండి. ఎర్రనల్లికి ముందుగా నీటిధారతో ఆకు వెనుక కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, ముందు ఒక ఆకు మీద పరీక్షించి, సాయంత్రం వేళ పూల మీద పడకుండా పిచికారీ చేయండి. ఒక్కసారితో పోవు, గుడ్లు మిగిలే ఉంటాయి. వారానికోసారి చొప్పున కనీసం నాలుగు వారాలు చేయాలి. రెండోసారికే పురుగు కనిపించడం లేదని మానేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది.

వేర్లన్నీ పోయిన ఆర్కిడ్‌ను బతికించడం

రెండు ఆకులు గట్టిగా ఉండి, నడిబొడ్డు పచ్చగా ఉంటే ఇంకా ఆశ ఉంది. పారేయకండి. చచ్చిన వేర్లన్నీ కోసేసి, మొక్కను ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. స్ఫాగ్నమ్ నాచును తడిపి, ఇక చుక్క రాలనంత వరకు గట్టిగా పిండండి. మూత ఉన్న పారదర్శకమైన డబ్బా అడుగున దాన్ని పరిచి, మొక్క మొదలు నాచుకు తాకీ తాకనట్టు నిలబెట్టండి. నాచులో పూడ్చకూడదు. మూతకు నాలుగైదు చిల్లులు పెట్టి, వెలుతురు ఉండి ఎండ తగలని వెచ్చని చోట ఉంచండి. ఆకుల ద్వారా పోయే నీరు తగ్గుతుంది కాబట్టి వేర్లు లేకపోయినా మొక్క కొంతకాలం నిలబడుతుంది. వారానికోసారి మూత తీసి గాలి ఆడనివ్వండి, బూజు కనిపిస్తే నాచు మార్చండి. ఎరువు వద్దు.

నెల గడిచినా ఏమీ కనిపించదు. ఆకులు ఇంకా మెత్తగానే ఉంటాయి. రెండో నెలలోనో, మూడో నెలలోనో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో, కాండం అడుగున పొలుసును చీల్చుకుని పెసరగింజంత పచ్చని మొటిమ ఒకటి బయటికి వస్తుంది. దాన్ని తాకకండి. అది నాచు వైపు సాగి, వెనుక భాగం తెల్లబడుతూ, చివర మాత్రం పచ్చగా మెరుస్తూ నాలుగైదు సెంటీమీటర్లు పెరిగేదాకా ఆగండి. అలాంటివి రెండు మూడు వేర్లు వచ్చాకే చిన్న కుండీలో బెరడు పోసి నాటండి.